ముందు ట్యూబు తడుము

బిడ్డా,

తలనొప్పి అన్నాడని పారాసిటమాల్ ఇచ్చి, పడుకోబెట్టి, దుప్పటి కప్పానన్నావు. గంటకు బీపీ 160 చూసి హడలిపోయానన్నావు. "పొద్దున 100 ఉన్న మనిషికి అంత ఎందుకు పెరిగింది పెద్దమ్మా?" అని అడిగావు. తాటిచెట్టు మీంచి పడ్డ మనిషి, దెబ్బ డీ4 దగ్గర అన్న సంగతి మాత్రం ఉత్తరం చివర్న రాశావు. అన్నిటికంటే ముందు రాయాల్సింది అదే.

వెన్నుపాముకు డీ6 దగ్గరో అంతకంటే పైనో దెబ్బ తగిలినవాళ్లకు తలనొప్పి వచ్చి, మొహం ఎర్రబడి, చెమటలు పడితే మామూలు తలనొప్పి కింద జమకట్టకూడదు. ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అని చదివే ఉంటావు. దెబ్బ తగిలిన కొత్తలో ఇది సాధారణంగా కనపడదు, వారాలు గడిచాక మొదలవుతుంది. అందుకే వార్డులో అందరూ ఆదమరిచి ఉంటారు.

కింద ఏదో ఇబ్బంది పెడుతోంది. మూత్రాశయం నిండిపోయి ఉండొచ్చు, మలం గట్టిపడి ఉండొచ్చు. ఆ బాధ మెదడుకు తెలియదు. వెన్నుపాము కింది భాగం మాత్రం తనంతట తాను రక్తనాళాలను బిగించేస్తుంది. బీపీ పెరిగిందని తెలిసి మెదడు గుండెను నెమ్మదించమంటుంది, నాళాలను వదులు చెయ్యమంటుంది. మొదటి మాట వేగస్ నరం మీదుగా గుండెకు అందుతుంది. రెండోది దెబ్బ దగ్గరే ఆగిపోతుంది. అందుకే పైన చెమట, కింద చల్లటి కాళ్లు, నిక్కబొడుచుకున్న రోమాలు. దుప్పటి కప్పేటప్పుడు ఆ కాళ్లు ముట్టుకుని చూశావా?

పడుకోబెట్టడం తప్పు, తల్లీ. ఆపరేషన్ అయి, కూర్చోవచ్చని డాక్టరు చెప్పిన మనిషే కదా. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడెయ్యి. లుంగీ ముడి, నడుం బెల్టు, బిగుతుగా ఉన్నదల్లా వదులు చెయ్యి. డ్యూటీ డాక్టరుకు కబురు పంపి, రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండు. వీళ్లకు మామూలుగానే 90 నుంచి 110 మధ్య ఉంటుంది కాబట్టి, 20 నుంచి 40 పెరిగినా ప్రమాదమే. 135 చూసి 'నార్మల్' అని రాసిన చార్టులు ఎన్ని చూశానో!

తర్వాత ట్యూబు. నా దగ్గర పనిచేసిన పిల్లలందరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మాట ఇదే. బ్యాగులో మూత్రం ఉందని రాశావు. అది ఎప్పటిది? పొద్దున్నే పడ్డ మూత్రం మధ్యాహ్నం దాకా అలాగే ఉంటే, ఉన్నట్టా లేనట్టా? కంటితో చూసి వదిలెయ్యకు. బ్యాగు దగ్గర మొదలుపెట్టి ఒంటి దాకా వేళ్లతో తడుముకుంటూ వెళ్లు. మంచం చువ్వ కింద నలిగి ఉంటుంది, తొడ కింద మడతపడి ఉంటుంది, లేదా జాయింటు దగ్గర సున్నంలా తెల్లగా పేరుకుని ఉంటుంది. మడత తీశాక మూత్రం జర్రున దిగితే కాసేపట్లో ఆ మనిషి మొహమే మారిపోతుంది. పూడుకుపోతే క్యాథెటర్ మార్చాల్సిందే.

ట్యూబు బాగుంటే అప్పుడు మలం సంగతి. దానికి ముందు లిగ్నోకెయిన్ జెల్లీ రాసి కాసేపు ఆగాలి, తొందరపడి వేలు పెడితే బీపీ ఇంకా ఎగబాకుతుంది. కారణం దొరక్క 150 దాటి ఉంటే మందు డాక్టరు చూసుకుంటారు. కాలి వేలి గోరు లోపలికి పెరిగినా, వీపున పుండు పడినా ఇదే గొడవ.

పుండంటే గుర్తొచ్చింది. ఉత్తరం నిండా బీపీయే, వీపు గురించి ఒక్క ముక్క లేదు! ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో గుట్‌మన్ అనే డాక్టరు వెన్నుపాము వార్డు తెరిచేనాటికి, ఇలాంటివాళ్లలో ఎక్కువమంది పుండ్లు పట్టో, మూత్రంలో చీము చేరో పోయేవాళ్లు. ఆయన రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్క మార్పించాడు. ఖరీదైన మందూ కాదు, మెషీనూ కాదు, మనలాంటివాళ్ల చేతులు చేసిన పని అది. రాత్రి డ్యూటీలో బద్ధకించకు. తుంటి, పిర్రలు, మడమలు లైటు వేసి మరీ చూడు.

శనివారం డిశ్చార్జి అన్నావు. ఆయన మామూలు బీపీ ఎంతో, దెబ్బ ఎక్కడో, తలనొప్పి వస్తే ముందు కూర్చోబెట్టాలనీ కాగితం మీద రాసి, ఆయన జేబులో పెట్టించు. ఊళ్లో ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా ముందు పడుకోబెట్టేస్తారు. భార్యకు చదువు రాదన్నావు కదా, ఆమె చేత నీ ఎదురుగానే ట్యూబు మొత్తం తడిమించు. రెండుసార్లు చేయించు.

— పెద్దమ్మ