పాత ఆరు సిలిండర్ల కారుకి నైట్రస్

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నాది 1994 బీఎండబ్ల్యూ 325ఐ. తక్కువ ఖర్చులో నైట్రస్ పెట్టించవచ్చా?

జవాబు: ఇంజను ఆరోగ్యంగా ఉంటే పెట్టించవచ్చు. కిట్ కొనేముందు ఆరు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఒక్కదానిలో బాగా తగ్గినా ఆ డబ్బు మరమ్మతుకే పెట్టండి. ఈ కార్లలో కూలింగ్ వ్యవస్థ ప్లాస్టిక్ భాగాలు వయసుతో పెళుసెక్కుతాయి; అవీ ముందే మార్చాలి.

నైట్రస్ (నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్) తనంతట తాను మండదు. ఇంజను సిలిండర్ వేడికి విడిపోయి అదనపు ఆక్సిజన్ ఇస్తుంది. దానికి సరిపడా పెట్రోలు అందలేదా, పిస్టన్లు కరుగుతాయి. అందుకే పెట్రోలును కూడా కలిపి చిమ్మే వెట్ కిట్ తీసుకుని, 50 హార్స్‌పవర్ జెట్‌తో ఆగండి. కొత్తలోనే 189 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ పాత ఇంజనును అంతకుమించి అడగడం అన్యాయం. ట్యూనర్ చేత టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి పెట్టించండి. ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు, 93 ఆక్టేన్ పెట్రోలు వాడండి.

పాత కిట్ కొన్నా సోలెనాయిడ్ సీళ్లు కొత్తవి వేయించండి, గ్యాస్ సిలిండర్ మీద పరీక్ష తేదీ చూడండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాక, అదీ 3000 ఆర్‌పీఎం దాటాకే గ్యాస్ వదిలే స్విచ్‌ల దగ్గర మాత్రం పొదుపు వద్దే వద్దు. వాడకం డ్రాగ్ స్ట్రిప్ మీదే, రోడ్డు మీద కాదు.