పాత అంబాసిడర్‌లో బ్యాటరీ దిగిపోతుంటే

ప్రశ్న: డైనమో ఉన్న పాత అంబాసిడర్ నాలుగు రోజులు కదలకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోతోంది. లోపాన్ని ఎలా కనిపెట్టాలి?

జవాబు: తాళం తీసేసిన తరువాత కూడా ఏదో ఒక దారిన పారే కరెంటునే లీకేజీ అంటారు. ఎలక్ట్రానిక్ పరికరాలు లేని ఇటువంటి కారులో గడియారం తప్ప కరెంటు వాడుకునేది దాదాపు ఏదీ ఉండదు కనుక, 0.05 ఆంపియర్లు దాటితే లోపం ఉన్నట్టే. అర ఆంపియరు లీకైనా రోజుకు 12 ఆంపియర్-అవర్లు పోయి, 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లోపే ఖాళీ అవుతుంది.

ముందుగా పూర్తిగా ఛార్జి చేసిన బ్యాటరీని తీగలు విప్పి రాత్రంతా ఉంచాలి. ఉదయానికి వోల్టేజి 12.6 నుంచి బాగా పడిపోతే లోపం బ్యాటరీదే. అది నిలకడగా ఉంటే, ఎర్త్ తీగకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ అంకె ఎప్పుడు తగ్గుతుందో గమనించాలి. ఆ సమయంలో స్టార్టరును తిప్పితే మీటరు పాడవుతుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత వైరింగులో హెడ్‌లైట్లకూ ఛార్జింగు తీగలకూ ఫ్యూజు ఉండదు కాబట్టి, ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే అనుమానించవలసింది కటౌట్‌ను, అంటే డైనమో తగినంత వోల్టేజి ఇచ్చినప్పుడే దానిని బ్యాటరీకి కలిపే రిలేను. దాని పాయింట్లు అతుక్కుపోతే కరెంటు ఆగి ఉన్న డైనమోలోకి వెనక్కి పారి దానిని వేడెక్కిస్తుంది. డైనమో బదులు తరువాత అల్టర్నేటరు బిగించి ఉంటే, అందులోని డయోడ్లను పరీక్షించాలి.

లోపం దొరకకుండా, బ్యాటరీని విడదీసే ఐసోలేటర్ స్విచ్ పెట్టి సరిపెట్టుకోవడం తగదు. తొడుగు పగిలిన తీగ కారు నడుస్తుండగానే నిప్పు పుట్టించగలదు.