అచ్చు నుండి తెరకు

పాఠ్యభాగ ఉద్దేశం

పత్రిక అచ్చును విడిచి తెర మీదికి వెళ్ళినప్పుడు దానిని అభిమానించిన పాఠకులు ఎట్లా స్పందించారో తెలియజేయడం, రచనలను పదిలపరచడంలో పాఠకుల బాధ్యతను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠం

దినపత్రికకు పాఠకులుంటారు, అభిరుచి పత్రికకు అభిమానులుంటారు. దినపత్రిక వార్తను అందిస్తుంది. మర్నాటికి ఆ వార్త పాతబడుతుంది, ఆ కాగితం పొట్లానికి పనికివస్తుంది. కథలకో, ఆటలకో, పదకేళికో అంకితమైన పత్రిక తీరు వేరు. పాఠకుడు దాని కోసం నెలంతా ఎదురు చూస్తాడు. చదివి దాచుకుంటాడు, ఎరువిచ్చి మళ్ళీ అడిగి తెచ్చుకుంటాడు, ఏడాది సంచికలను ఒక్కచోట కుట్టించి భద్రపరుస్తాడు. ఇటువంటి పత్రిక ఒకనాడు అచ్చు మాని తెర మీదనే కనిపిస్తానని ప్రకటిస్తే ఆ పాఠకుని మనస్సు కలత చెందడం సహజం. ఆ కలతలో మమకారమెంత, వివేకమెంత అన్నది విచారించదగిన విషయం.

ఈ అనుబంధానికి తెలుగువారు మొదట చెప్పుకొనే ఉదాహరణ 'చందమామ'. 1947 జూలైలో మద్రాసు నుండి బి. నాగిరెడ్డి, చక్రపాణి దీనిని ప్రారంభించారు. తెలుగు, తమిళాలతో మొదలై క్రమంగా అనేక భారతీయ భాషలకు విస్తరించింది. 1952 నుండి 1980లో మరణించేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని కథలను తీర్చిదిద్దారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన విక్రమార్కుడు, బేతాళుడు, దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు తరతరాల పిల్లల ఊహలకు రూపమిచ్చాయి. అందులోని 'ఫోటో వ్యాఖ్యల పోటీ' ప్రత్యేకించి గమనింపదగినది. పత్రిక రెండు ఫోటోలు ప్రచురించేది. రెంటికీ పొంతన కుదిరేటట్లు రెండు చిన్న వ్యాఖ్యలను పాఠకులు పోస్టుకార్డు మీద రాసి పంపేవారు. గెలిచిన వ్యాఖ్యలు, రాసినవారి పేరు, ఊరు అచ్చయ్యేవి. నగదు బహుమతి చిన్నదే అయినా, అచ్చులో తన ఊరి పేరు చూసుకోవడం పల్లె పిల్లవానికి పెద్ద గౌరవం. ఆ విధంగా చదివేవాడు పత్రికలో భాగస్వామి అయ్యాడు.

వరంగల్లు, జనగామ ప్రాంతాలలో పత్రిక చేరే దారిని తలచుకుంటే ఈ అనుబంధం మరింత స్పష్టమవుతుంది. జనగామలో రైల్వేస్టేషన్ ఉన్నది. అక్కడి నుండి తరిగొప్పుల వంటి ఊళ్ళకు బస్సే ఆధారం. 2016లో జనగామ జిల్లా ఏర్పడిన నాటి నుండి తరిగొప్పుల మండల కేంద్రంగా ఉన్నది. అంతకు ముందు అది వరంగల్లు జిల్లాలో భాగం. ఇటువంటి ఊరికి వచ్చే పత్రిక టపాసంచిలోనో, పట్నం పోయి వచ్చినవారి చేతిసంచిలోనో రావలసిందే. వచ్చిన ఒక్క సంచికను వాడకట్టులో పదిమంది చదివేవారు. బడి లేని పెద్దలకు పిల్లలు చదివి వినిపించేవారు. చేతులు మారి, అట్ట నలిగి, అంచులు చిరిగినా దాని విలువ తరిగేది కాదు. అచ్చు పత్రిక కొన్నవానికి మాత్రమే పరిమితం కాక, అది వెళ్ళిన ప్రతి ఇంటికీ చెందింది.

కాలం మారింది. 1998లో చందమామ ప్రచురణ ఆగి, మరుసటి సంవత్సరం తిరిగి మొదలైంది. 2007లో జియోడెసిక్ అనే సాంకేతిక సంస్థ దానిని చేజిక్కించుకొన్నది. ముద్రణ సాగుతుండగానే పాత సంచికలను కంప్యూటరు తెర మీద చదివే ఏర్పాటు జరిగింది. పాఠకుల స్పందన ఒక్క తీరుగా లేదు. ఊరు విడిచి దూర దేశాలలో స్థిరపడినవారు పొంగిపోయారు. ఏనాడో పోగొట్టుకొన్న బాల్యం ఒక్క మీట నొక్కగానే కళ్ళ ముందుకు వచ్చింది. మరికొందరికి ఆ సంతోషంలోనే వెలితి కనిపించింది. బొమ్మ అదే, కథ అదే. కాని కాగితం వాసన లేదు, పుట తిప్పే చప్పుడు లేదు, అట్ట మీద అన్నయ్య రాసుకొన్న పేరు లేదు.

ఆ వెలితిని చాదస్తమని కొట్టివేసినవారికి తరువాతి చరిత్ర సమాధానం చెప్పింది. సంస్థ ఆర్థికంగా చితికిపోయింది. 2013 నాటికి ముద్రణ నిలిచిపోయింది. కొంతకాలానికి తెర మీది సంచికలూ కనుమరుగయ్యాయి. అయితే పాత చందమామలు పూర్తిగా నశించలేదు. అట్టపెట్టెలలో, అటకల మీద సంచికలను దాచుకొన్న అభిమానులు వాటిని వెదికి తీసి, ఒక్కొక్క పుటను స్కాన్ చేసి పదిమందికీ అందుబాటులోకి తెచ్చారు. యజమాని నిలుపుకోలేని దానిని పాఠకులు నిలుపుకొన్నారు.

అదే 2007లో అమెరికాలోనూ ఇటువంటి సంఘటన జరిగింది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనేది 1974లో వెలువడిన ఊహాలోక క్రీడ. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుండి, తలా ఒక పాత్రను ధరించి, మాటలతోనే కథను నడిపే ఆట అది. ఆ ఆటగాళ్ళ కోసం 1976లో 'డ్రాగన్', 1986లో 'డంజన్' అనే పత్రికలు పుట్టాయి. 2007 ఏప్రిల్‌లో ఈ రెంటి ముద్రణ ఆగిపోతుందన్న ప్రకటన వెలువడింది. 'డ్రాగన్' 359వ సంచికతోను, 'డంజన్' 150వ సంచికతోను అచ్చును ముగించాయి. అభిమానులలో దుఃఖం, ఆగ్రహం, అనుమానం కలగలిశాయి. కొత్త సరుకును తెర మీద అందిస్తామని హక్కుదారులు చెప్పారు. అప్పటివరకు పత్రికలను అచ్చువేసిన పైజో సంస్థ మాత్రం అచ్చును వదలక, అదే ఏడాది 'పాత్‌ఫైండర్' పేరుతో నెలనెలా కొత్త పుస్తకాన్ని ప్రారంభించింది. పాత చందాదారులు తమ మిగిలిన సొమ్మును దానికి మళ్ళించుకొనే వీలు కల్పించింది. అది పాఠకాదరణ పొంది నిలదొక్కుకొన్నది. తెర మీది 'డ్రాగన్' 2013 డిసెంబరుతో ఆగిపోయింది. పల్లె పిల్లల కథల పత్రికకు, పరదేశపు ఆటల పత్రికకు పోలిక లేదనిపించవచ్చు. పాఠకుని హృదయం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

తెలుగులో అచ్చు నుండి తెరకు మారిన పత్రికలు మరికొన్ని ఉన్నాయి. 1978లో ప్రారంభమైన 'విపుల', 'చతుర' నాలుగు దశాబ్దాలు తెలుగు కథకు, నవలకు వేదికలయ్యాయి. 'చతుర' నెలకొక నవలను అందించగా, 'విపుల' దేశదేశాల కథలను తెలుగు చేసి ఇచ్చింది. బస్సు ప్రయాణంలో చేతికి అమరే ఆ చిన్న పుస్తకాలు పాఠకులకు చిరపరిచితాలు. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు వాటి ముద్రణ ఆగి, సంచికలు తెర మీదనే వెలువడ్డాయి. 2021లో అదీ ఆగిపోయింది. దుకాణంలో పుస్తకాన్ని చూసి కొనే అలవాటున్న పాఠకుడు, ముఖ్యంగా వయసు మళ్ళినవాడు, తెర దాకా వెళ్ళలేకపోయాడు.

అయితే తెరను శత్రువుగా భావించడం న్యాయం కాదు. 1998 నుండి అమెరికా తెలుగువారి పూనికతో వెలువడుతున్న 'ఈమాట' అచ్చు ముఖమే చూడకుండా తెర మీద పుట్టి, తెర మీదనే పెరిగింది. 2007లో మొదలైన 'కౌముది'దీ అదే దారి. వేల మైళ్ళ దూరంలోని తెలుగువారిని ఇవి ఒక్కచోట చేర్చాయి. తపాలా ఖర్చు లేదు, ముద్రణ భారం లేదు, పుటల పరిమితి లేదు. నేడు తరిగొప్పులలోని విద్యార్థి చేతిలో ఫోను ఉంటే అమెరికాలోని పాఠకునితో పాటే కొత్త సంచికను చదువగలడు. బస్సు కోసం చూసే పని లేదు. చూపు మందగించినవారు అక్షరాలను పెద్దవి చేసుకోగలరు. ఇవి చిన్న మేళ్ళు కావు.

మరి అభిమానుల కలతకు మూలమేమి? దీనికి జవాబు మన సాహిత్య చరిత్రలోనే ఉన్నది. తరిగొప్పుల ఉన్న జనగామ జిల్లాలోనే పాలకుర్తి, బమ్మెర ఉన్నాయి. పాల్కురికి సోమనాథుడు, బమ్మెర పోతన రచించిన కాలానికి అచ్చు లేదు; తాళపత్రమే ఆధారం. పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలం కాగా గంగన, సింగన, నారయ పూరించారని ఐతిహ్యం. ప్రతి ఒక్కటే అయితే గ్రంథానికి గండం తప్పదన్న సత్యాన్ని ఆ కథ మనకు చెప్తున్నది. తరువాతి కాలంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తాళపత్రాలను సేకరించి, పండితులచేత ప్రతులు రాయించి, కొన్నింటిని అచ్చు వేయించాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసి, గ్రంథాలయోద్యమం తెలంగాణలో వేళ్ళూనింది. ప్రతులు పెరిగినకొద్దీ, చోట్లు పెరిగినకొద్దీ రచనకు ఆయుష్షు పెరిగింది.

అచ్చు పత్రికకు కొన్న ప్రతివాడూ కాపలాదారు. వెయ్యి ప్రతులలో తొమ్మిదివందలు చెదలు తిన్నా నూరు మిగులుతాయి. తెర మీది పత్రికకు తరచుగా కాపలాదారు ఒక్కడే. ఆ సంస్థ మూతపడినా, రుసుము కట్టడం మానినా నిన్న కనిపించిన పుట నేడు కనిపించదు. చందమామ విషయంలో జరిగినది ఇదే. కనుక పాఠకుల ఆవేదన కాగితం మీది మోజు మాత్రమే కాదు. తమ చేతిలోని తాళం మరొకరి చేతికి పోయిందన్న భయం అందులో ఉన్నది. ఆ భయం నిరాధారం కాదు.

అయితే భయంతో ఆగిపోతే ప్రయోజనం లేదు. తెర మీద చదివే రచనకూ అనేక ప్రతులు ఉండవచ్చు. పత్రికా నిర్వాహకులు హక్కుల విషయం తేల్చి, పాత సంచికలను గ్రంథాలయాలకు అందించవచ్చు. గ్రంథాలయాలు వాటిని ఒకటికి రెండుచోట్ల భద్రపరచవచ్చు. ఇంటి అటక మీద పాత సంచికలున్నవారు తూకానికి అమ్మే ముందు ఒకసారి తెరచి చూడవచ్చు. ఏ ఒక్క సంచిక ఎక్కడ మిగిలి ఉన్నదో ఎవరికి తెలుసు? తాళపత్రం నుండి కాగితానికి, కాగితం నుండి తెరకు సాహిత్యం దాటి వచ్చింది. ప్రతి మలుపులోనూ కొంత జారిపోయింది. జారిపోయినది పోగా మిగిలినదంతా ఎవరో ఒకరు దాచి ఉంచినదే.

కఠిన పదాలకు అర్థాలు

మమకారం = నాది అనే ప్రేమ
పొంతన = పోలిక, పొందిక
వాడకట్టు = ఊరిలోని వీధి, ఆ వీధిలోని ఇళ్ళు
ఐతిహ్యం = పరంపరగా చెప్పుకొనే కథ
శిథిలం = పాడైపోయినది
పూనిక = ప్రయత్నం, పట్టుదల

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. పత్రికలు అచ్చు నుండి తెరకు మారినప్పుడు అభిమానుల స్పందన ఎట్లా ఉన్నదో సోదాహరణంగా వివరించండి.
2. "అచ్చు పత్రికకు కొన్న ప్రతివాడూ కాపలాదారు" – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. 'ఫోటో వ్యాఖ్యల పోటీ' పాఠకుణ్ణి భాగస్వామిగా ఎట్లా చేసింది?
2. తెర మీది పత్రికల వల్ల కలిగే మేళ్ళేవి?
3. పోతన భాగవతం గురించిన ఐతిహ్యం మనకు ఏమి తెలుపుతున్నది?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. చందమామ ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
2. 'డ్రాగన్' పత్రిక అచ్చులో వెలువడిన చివరి సంచిక ఎన్నవది?
3. రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఎక్కడ ఉన్నది?

సంధులు

పాఠకాదరణ = పాఠక + ఆదరణ – సవర్ణదీర్ఘ సంధి
గ్రంథాలయోద్యమం = గ్రంథాలయ + ఉద్యమం – గుణ సంధి
నిరాధారం = నిః + ఆధారం – విసర్గ సంధి