గాదెను కాచినవాని లెక్క



పంట పండించుట ఒక యెత్తు, దానిని సంతకు చేర్చుట ఒక యెత్తు. ఇరుసుదాక దిగబడు బురదబాటలో బండి తోలినవారి కీ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఆ కష్ట మెరిగిన యొక రైతు ప్రజాధనముతో బాటలు వేయించిన వృత్తాంతమే ఈ మాసపు పాఠము.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున జాక్సన్ కౌంటీ కలదు. హారీ ట్రూమన్ 1906 మొదలు 1917 వరకు అచ్చట గ్రాండ్‌వ్యూలో తమ కుటుంబపు సేద్యము చేసెను. 1922లో అతని బట్టల దుకాణము మూతబడి, అప్పులు మిగిలెను. ఆ యేడే కౌంటీ పాలకసభ కెన్నికయ్యెను. 1924లో ఓడి, 1926లో మరల గెలిచి, 1927 మొదలు 1934 వరకు అధ్యక్షుడుగ నుండెను. ఆ పదవికి జడ్జి యని పేరేగాని తీర్పులు చెప్పు పని లేదు. నాటి మన జిల్లాబోర్డు అధ్యక్షునివలె రోడ్లు, భవనములు, జమాఖర్చులు చూచుటయే పని.

ఆ ప్రాంతమున టామ్ పెండర్‌గాస్టు అను పార్టీనాయకుని మాట చెల్లుచుండెను. ట్రూమన్‌ను నిలబెట్టినదియు ఆయన వర్గమే. అయినను 1928లో ప్రజలు రోడ్లకై 65 లక్షల డాలర్ల ఋణమునకు సమ్మతింపగా, ట్రూమన్ రెండు పార్టీలనుండి ఒక్కొక్క యింజనీరును నియమించి, తక్కువ టెండరు వేసినవారికే పని యిచ్చెను. నాయకుని మిత్రులైన కంట్రాక్టరులు మొరపెట్టినను వినలేదు. తన తల్లి పొలములో 11 ఎకరములు రోడ్డుక్రింద పోయినను నష్టపరిహార మిప్పింపలేదు. పని కండ్లకు కనబడెను గనుకనే, ఆర్థికమాంద్యము ముదిరిన 1931లో సయితము ప్రజలు మరియొక 79½ లక్షల డాలర్లకు సమ్మతించిరి. రెండువందల మైళ్లకు పైగా గట్టిరోడ్లు ఏర్పడెను.

ఇంతవరకు మెచ్చుకోలు, అసలు పాఠ మిక మీదట.

ఆ దినములలో ట్రూమన్ తన మనోవేదనను రహస్యముగ కాగితములపై వ్రాసికొనెను. ఋణధనమునుండి పదిలక్షలో అంతకు మించియో దొంగల పాలుగాకుండుటకై, నాయకుని మిత్రు డొకడు కౌంటీ సొమ్ములో సుమారు 10,000 డాలర్లు కాజేయుచుండగా చూచి యూరకుంటినని అందు గలదు. తాను చేసినది న్యాయమో, నేరమునకు తోడ్పాటో తనకే తెలియదనియు వ్రాసెను.

గాదె క్రింది పందికొక్కునకు గుప్పెడు గింజలు విడిచి తక్కిన ధాన్యము దక్కించుకొంటినని సంతోషింపవచ్చునా? ధాన్యము దక్కినమాట నిజము. కాని పందికొక్కు చావలేదు. పెండర్‌గాస్టు 1939లో ఆదాయపుపన్ను ఎగవేత నేరమునకు జైలుకు పోవువరకు ఆ పెత్తనము సాగెను. ట్రూమన్ 1934లో సెనేటు కెన్నికయ్యెను; 1945లో దేశాధ్యక్షు డయ్యెను. ఆ పదివేల మాట నాటి కౌంటీ రైతుల కెవరును చెప్పలేదు.

టెండర్లు బాహాటముగ తెరచినచోట సొమ్ము నిలిచినది. ఒక్కడు గుట్టుగ రాజీపడినచోట పోయినది. ఆ ఒక్కడు సొంతమునకు ఆశింపని వాడైనను ఫలిత మంతే. కావున మన సంఘపు ప్రెసిడెంటు యోగ్యుడను నమ్మకముతో లెక్కలు చూడక లేచిపోకుడు. సర్వసభ్యసమావేశమున జమాఖర్చుల పట్టీ చదివించుడు, రసీదులు చూపుమని యడుగుడు. అట్లడుగుట ఆయనను శంకించుట గాదు. ఒత్తిడి వచ్చిననాడు ఆయన ఒంటరివాడు గాకుండ వెన్ను గాచుట.