చెట్టు నీడలో తోట

చదవండి

మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాము. మా ఇంటి ముందు ఒక పెద్ద రెడ్ ఓక్ చెట్టు ఉంది. అది మా ఇంటికంటే పాతది. ఆంధ్రప్రదేశ్‌కు వేప, తెలంగాణకు జమ్మి రాష్ట్ర వృక్షాలు కదా! అలాగే 1950 నుంచి రెడ్ ఓక్ న్యూజెర్సీ రాష్ట్ర వృక్షం.

పోయిన ఏడాది మే నెలలో నాయనమ్మ గుంటూరు నుంచి వచ్చింది. వచ్చిన వారానికే ఓక్ చెట్టు కింద ఉన్న మడిలో బంతి మొక్కలు నాటింది. రోజూ నీళ్లు పోసింది. మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగాయి కానీ ఒక్క పువ్వూ పూయలేదు.

"వాకిలి బోసిగా ఉంది తల్లీ" అని నాయనమ్మ దిగులు పడింది.

అది విని నాన్న, "ఆ మట్టి బాలేదమ్మా. చెట్టు చుట్టూ ఇటుకలు పేర్చి, అడుగు ఎత్తు కొత్త మట్టి పోయిద్దాం" అన్నాడు. మట్టికి ఆర్డరు కూడా ఇచ్చేశాడు.

అమ్మకు అనుమానం వచ్చింది. రట్గర్స్ విశ్వవిద్యాలయం తరఫున తోటల గురించి సలహాలు చెప్పే మాస్టర్ గార్డెనర్లకు ఫోను చేసింది. వాళ్లు చెప్పింది విని మేమంతా ఆశ్చర్యపోయాము.

చెట్టు వేర్లు చాలావరకు నేల పైభాగంలోనే, సుమారు 18 అంగుళాల లోతు లోపలే ఉంటాయి. వాటికి నీళ్లతోపాటు గాలి కూడా కావాలి. పైన మందంగా మట్టి పోస్తే గాలి సరిగా అందదు. చెట్టు వెంటనే ఎండిపోదు. కొన్నేళ్లపాటు మెల్లగా నీరసించి, చివరికి చచ్చిపోవచ్చు.

"అమ్మో! పూల కోసం చెట్టునే చంపేవాళ్లమా?" అన్నాడు నాన్న. వచ్చిన మట్టిని పెరట్లో ఎండ తగిలే చోట పోయించి, అక్కడ బెండ, వంగ నాటాడు.

నాయనమ్మ నవ్వి, "మొక్కై వంగనిది మానై వంగునా? చెట్టు మన మాట వినదు. మనమే దాని మాట వినాలి" అంది.

సెప్టెంబరులో మడి మళ్లీ మొదలుపెట్టాము. నీడలో పెరిగే క్రిస్మస్ ఫెర్న్, అడవి అల్లం తెచ్చాము. అడవి అల్లం పేరుకే అల్లం, తినకూడదు! పెద్ద మొక్కలకు పెద్ద గుంటలు కావాలని చిన్న మొక్కలే కొన్నాము. నేను చేతిపారతో తవ్వాను. లావు వేరు తగిలితే దాన్ని నరకకుండా పక్కకు జరిగాను. పైన రెండు అంగుళాల మందాన చెక్క ముక్కల మల్చ్ పరిచాము, మానుకు మాత్రం తగలనివ్వలేదు. నీళ్లు చాలావరకు చెట్టే తాగేస్తుంది కాబట్టి, మొదటి ఏడాది కొత్త మొక్కలకు మరవకుండా పోయాలి.

అక్టోబరులో నాయనమ్మ, నేను డాఫొడిల్ దుంపలు పాతాము. నవంబరులో ఆమె ఊరికి వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో ఓక్ ఆకులు ఇంకా రాలేదు. కొమ్మల మధ్య నుంచి ఎండ నేలమీద పడుతోంది. ఆ ఎండలో డాఫొడిల్స్ విరగబూశాయి! వెంటనే నాయనమ్మకు వీడియో కాల్ చేశాను.

"బంతిపూలు కాకపోతేనేం, పసుపు రంగు వచ్చింది మన వాకిట్లోకి" అంది నాయనమ్మ.

కొత్త పదాలు

మడి: మొక్కలు నాటడానికి సిద్ధం చేసిన చోటు
మాను: చెట్టు లావైన కాండం, పెద్ద చెట్టు
బోసిగా: అందం లేకుండా, ఖాళీగా
విరగబూయడం: చాలా ఎక్కువగా పూయడం

మాట్లాడే మాట, రాసే మాట

బాలేదు – బాగా లేదు
పోయిద్దాం – పోయిద్దాము
అంది – అన్నది

ఆలోచించి చెప్పండి

1. బంతి మొక్కలు ఎందుకు పూయలేదు?
2. చెట్టు మొదట్లో మందంగా మట్టి పోస్తే ఏమవుతుంది?
3. డాఫొడిల్స్‌కు ఏప్రిల్‌లో ఎండ ఎలా దొరికింది?
4. నాయనమ్మ చెప్పిన సామెతను సాధారణంగా ఎప్పుడు వాడతారు? మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

చేసి చూడండి

మీ ఇంటి దగ్గర ఒక చెట్టును ఎంచుకోండి. దాని నీడ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కడ పడుతుందో చూసి, ఐదు వాక్యాలు రాయండి.