లిఫ్టు – తాడు, తలుపు

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని అక్కుపల్లి ఉద్దానం తీరగ్రామం. కొబ్బరి, జీడితోటల ఆ సీమ నుండి ఉపాధికై విశాఖపట్నానికో హైదరాబాదుకో చేరిన యువకుని మొదటి సందేహం: “ఈ లిఫ్టు తాడు తెగితే?”

సమాధానం 1854లోనే లభించింది. న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ తాను నిలిచిన వేదిక తాడును అందరి ఎదుట తెగగొట్టించాడు. బిగువు సడలగానే కమాను విచ్చుకొని పక్కనున్న దంతపుపట్టాలను పట్టుకొన్నది, వేదిక నిలిచిపోయింది. నేడు వేగం మితిమీరితే గవర్నరు అనే సాధనం ఆ పట్టును బిగిస్తుంది. తాళ్లూ ఒకటికి మించి ఉంటాయి.

నిజానికి భయపడవలసింది తాడుకు కాదు, తలుపుకు. తలుపులు పూర్తిగా మూసుకొననిదే లిఫ్టు కదలరాదు. గది ఆ అంతస్తుకు చేరనిదే బయటి తలుపు తెరచుకొనరాదు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదులోని ఒక నివాస భవనంలో ఆరేళ్ల బాలుడు లిఫ్టుకు, గోడకు నడుమ చిక్కుకొని మరణించాడు. అక్కడ తాడు తెగలేదు.

అనుమతి, తనిఖీ, ప్రమాద సమాచారం తప్పనిసరి చేస్తూ బొంబాయి ప్రభుత్వం 1939లోనే లిఫ్టుల చట్టం తెచ్చింది. భారతీయ ప్రమాణం 14665 ప్రకారం సరకుల లిఫ్టు ప్రధానంగా సరకులకే. నడిపేవాడు, ఎత్తి దింపే పనివారు మాత్రం వాటితో వెళ్లవచ్చు. మన యువకుడు మూటలు మోసేవాడైతే ఆ గదిలో రాసిన బరువుపరిమితిని చదవాలి, అందులో తన బరువునూ కలుపుకోవాలి. దారిలో లిఫ్టు ఆగిపోతే తలుపును పెకలించరాదు. లోపలికి గాలి వస్తూనే ఉంటుంది. గంట మీట నొక్కి వేచి ఉండాలి.