అధ్యాపకుని వృత్తితృప్తి

పూర్వపు వరంగల్లు జిల్లాలోని పాలకుర్తిని పాల్కురికి సోమనాథుని ఊరుగా తెలుగువారు తలచుకొంటారు. ఆ మహాకవి ద్విపదలో రచించిన బసవపురాణాన్ని వెల్చేరు నారాయణరావు, జీన్ రోగేర్ సహకారంతో ఆంగ్లంలోకి తెచ్చారు. ఆ అనువాదం 1990లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుండి వెలువడింది. నారాయణరావు అప్పటికి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. తనకు నచ్చిన ప్రాచీన కావ్యంతో కాలం గడపడమే కొలువుగా సాగే వృత్తులు లోకంలో ఎన్ని ఉన్నాయి? విశ్వవిద్యాలయ అధ్యాపకుడు పొందే తృప్తికి మూలాన్ని ముందుగా ఇక్కడే వెదకాలి.

ఉద్యోగతృప్తిని పరిశీలించినవారిలో అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ప్రసిద్ధుడు. ఆయన సహచరులతో కలిసి పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి, 1959లో ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. జీతం, భద్రత, పై అధికారుల తీరు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిగా ఉన్నంతమాత్రాన తృప్తి కలగదు. సాధించామన్న భావన, గుర్తింపు, బాధ్యత, పనిలోని రుచి తృప్తినిస్తాయి. ఈ విభజన అంత కచ్చితం కాదని తరువాతివారు విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు.

1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం పాలకుర్తి ప్రాంత విద్యార్థులకు చేరువలోనిది. పల్లె నుండి వచ్చి, మొదట నోరు విప్పడానికి జంకిన విద్యార్థి ఏడాది తిరిగేసరికి గురువునే ప్రశ్నించడం అధ్యాపకునికి దక్కే గొప్ప ప్రతిఫలం. పరిశోధనాంశాన్ని తానే ఎన్నుకొనే స్వేచ్ఛ మరొకటి. అయితే 2010 నాటి యు.జి.సి. నిబంధనలు పదోన్నతికి బోధనను, పరిశోధనను అంకెలలో లెక్కించే పద్ధతిని తెచ్చాయి. 2018లో దానిని సడలించారు. వ్యాసాల సంఖ్యే కొలమానమైన చోట, ఒక్క కావ్యాన్ని పట్టుకొని ఏళ్ళు గడిపే పండితుడు వెనుకబడినవానిగా కనిపిస్తాడు. ఫారాలు నింపడంలో సాయంత్రం గడిచిపోతే, చదువుకు రాత్రే మిగులుతుంది.

వీరికైనా ఉద్యోగభద్రత ఉంది. తెలంగాణ విశ్వవిద్యాలయాలలో శాశ్వత నియామకాలు చాలాకాలం జరగకపోవడంతో, ఎందరో ఒప్పంద పద్ధతిలో, గంటల లెక్కన పాఠాలు చెబుతూ వచ్చారు. తరగతి అదే, పాఠం అదే, విద్యార్థులూ వారే. జీతం మాత్రం వేరు. హెర్జ్‌బర్గ్ విడివిడిగా చూపిన రెండు పాయలూ ఇక్కడ కలిసిపోతాయి. పాఠం బాగా సాగిన రోజున కలిగిన సంతోషాన్ని, వచ్చే ఏడు ఈ తరగతిలో తానుంటానో లేదోనన్న చింత ఇంటికి చేరేలోపే హరిస్తుంది.